నేపాల్ కుమారి: అమ్మవారు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి ఏమవుతుంది?

 

ఈ వారం వీడియోలో కాఠ్మండు కుమారి దేవి గురించి చెప్పుకున్నాం. ఎర్రటి బట్టలు, నుదుటి మీద పెద్ద మూడో కన్ను, చెవుల దాకా సాగిన కాటుక, చెక్క కిటికీలోంచి ఒక్క నిమిషం దర్శనం. వీడియోలో అంతవరకే కుదిరింది. కానీ ఆ రూపం చూసిన ఎవరికైనా రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి, ఒక చిన్న పిల్లని అమ్మవారు అనడానికి శాస్త్రంలో ఆధారం ఏమిటి? రెండు, ఆ పిల్ల పెద్దయ్యాక ఏం జరుగుతుంది? మొదటిదానికి జవాబు తేలిక. రెండోది కొంచెం బరువైన ప్రశ్న. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మీరు కూడా తీరిగ్గా చదవండి.

కుమారి అంటే ఎవరు?

కాఠ్మండు లోయలో నేవార్లు అనే జాతి ఉంది. కాఠ్మండు, పాటన్, భక్తపూర్ అనే మూడు పాత నగరాలని కట్టింది, అక్కడి గుళ్ళూ శిల్పాలూ చెక్కింది వీళ్ళే. వీళ్ళలో బౌద్ధులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. మూడు నగరాల్లోనూ కుమారిలు ఉంటారు. వాళ్ళలో ముఖ్యమైనది కాఠ్మండు కుమారి. ఒకప్పుడు రాజ కుమారి అనేవారు.

ఇక్కడ మనం తప్పక గమనించాల్సిన విషయం ఒకటుంది. కాఠ్మండు కుమారిని ఎంచుకునేది బౌద్ధులైన శాక్య కుటుంబాల నుంచి. పాటన్‌లో అయితే వజ్రాచార్య కుటుంబాల నుంచి. అంటే పుట్టుకతో బౌద్ధ బాలిక. ఆమెలోకి వచ్చేది హిందూ రాజుల ఇలవేల్పు తలేజు భవాని, అంటే మన దుర్గమ్మే. బౌద్ధులు అదే పాపని వజ్రదేవిగా కొలుస్తారు. ఒకే పాప ముందు రెండు మతాల వాళ్ళూ తల వంచుతారు. నేపాల్ రాజులు వందల ఏళ్ళ పాటు ఒక బౌద్ధ బాలిక పాదాలకి మొక్కి, ఆమె చేత బొట్టు పెట్టించుకుని, అప్పుడు రాజ్యం చేశారు.

పాచికల కథ

కుమారి సంప్రదాయం ఎలా మొదలైందని అడిగితే కాఠ్మండులో చెప్పే కథ ఇది. మల్ల వంశపు రాజు ఒకాయన రోజూ రాత్రి తన గదిలో తలేజు అమ్మవారితో పాచికలు ఆడేవాడట. అమ్మవారు మనిషి రూపంలో వచ్చి, ఆడుతూ, రాజ్యం సంగతులు కూడా మాట్లాడేది. షరతు ఒక్కటే, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఒక కథలో రాణి అనుమానంతో వెనకాలే వచ్చి చూసేసింది. ఇంకో కథలో రాజు మనసులోనే చెడు ఆలోచన వచ్చింది. ఏదైనా, అమ్మవారికి కోపం వచ్చి వెళ్ళిపోయింది. రాజు ఏడ్చి బతిమాలితే, "ఇక నన్ను ఈ రూపంలో చూడలేవు. శాక్యుల ఇంటి ఆడపిల్లలో వస్తాను, అక్కడ పూజించు" అని చెప్పిందట.

రాజు పేరు ఒక్కో కథలో ఒక్కోలా ఉంటుంది. ఎక్కువగా వినిపించేది జయప్రకాశ్ మల్ల పేరు. కన్యని పూజించే ఆచారం ఆయన కంటే చాలా పాతది. కానీ కాఠ్మండు దర్బార్ స్క్వేర్‌లో ఇప్పుడు మనం చూసే కుమారి ఘర్ అనే మూడంతస్తుల ఇల్లు 1757లో కట్టించింది ఆయనే. పదకొండేళ్ళ తర్వాత, 1768లో, ఇంద్రజాత్ర పండుగ జరుగుతుండగానే గూర్ఖా రాజు పృథ్వీ నారాయణ్ షా కాఠ్మండులోకి సైన్యంతో వచ్చేశాడు. జయప్రకాశ్ పారిపోయాడు. గెలిచిన రాజు వెళ్ళి కుమారి ముందు కూర్చుంటే ఆమె ఆయనకి బొట్టు పెట్టింది. వంశం మారింది, బొట్టు పెట్టే చెయ్యి మారలేదు.

2008లో నేపాల్‌లో రాచరికమే పోయింది. అయినా ఇంద్రజాత్రలో కుమారి దగ్గరకి దేశాధినేత వెళ్ళడం ఆగలేదు. ఇప్పుడు రాష్ట్రపతి వెళ్తారు.

ఆ కథలో నాకు నచ్చిన పాయింట్ ఏంటంటే, రాజు ఆడదాన్ని తప్పుడు దృష్టితో చూస్తే అమ్మవారు రాజ్యం వదిలి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చింది ఒక పసిపిల్లగా, అలా ఎవరూ చూడడానికి సాహసించని రూపంలో. ఇకనుంచి ఆడపిల్లని చూసేటప్పుడు చేతులు జోడించి చూడు అని రాజుకి నేర్పిన పాఠం అది. ఈ పాఠాన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

32 లక్షణాలు, ఒక పుకారు

పాప వయసు సాధారణంగా రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ మధ్య ఉంటుంది. ఒంటి మీద గాయపు మచ్చ ఉండకూడదు, పాలపళ్ళు ఊడి ఉండకూడదు, పెద్ద జబ్బు చేసి ఉండకూడదు. దీనికి తోడు 32 లక్షణాల జాబితా ఉంది. శంఖం లాంటి మెడ, ఆవు కనురెప్పల లాంటి రెప్పలు, సింహం లాంటి ఛాతీ, మర్రిచెట్టు లాంటి దేహం, ఇలా సాగుతుంది. మన కావ్యాల్లో దేవతల వర్ణన చదివినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. జాతకం కూడా చూస్తారు. రాజుల కాలంలో పాప జాతకం రాజు జాతకంతో కలవాలని చూసేవారు. వజ్రాచార్య పూజారులు, తలేజు గుడి పూజారి, జ్యోతిష్కుడు కలిసి నిర్ణయిస్తారు.

యూట్యూబ్‌లో కుమారి అని వెతికితే మొదట కనిపించేది ఏంటో తెలుసా? "చీకటి గదిలో తెగిన దున్నపోతు తలల మధ్య పసిపిల్లని వదిలేస్తారు, ముసుగులు వేసుకుని భయపెడతారు, ఏడవని పిల్లే దేవత." థంబ్‌నెయిల్‌కి బాగా పనికొచ్చే కథ. కానీ కుమారిగా ఉండి వచ్చిన మనిషే దీని గురించి రాశారు. రశ్మిలా శాక్య 1984 నుంచి 1991 దాకా కాఠ్మండు కుమారి. 2005లో స్కాట్ బెర్రీ అనే రచయితతో కలిసి తన జీవిత కథ పుస్తకంగా తెచ్చారు. ఎంపికకీ ఈ చీకటి గదికీ సంబంధం లేదని ఆవిడ స్పష్టంగా చెప్పారు. దశైన్, అంటే మన దసరా, అప్పుడు తలేజు గుడిలో బలులు జరుగుతాయి. ఆ క్రతువులో కుమారి ఏటా పాల్గొంటుంది. ముసుగుల డాన్సులు అవీ ఏమీ ఉండవు. ఒంటి మీది లక్షణాలు చూడడం కూడా జనం ఊహించుకునేంత పెద్ద పరీక్ష కాదని రాశారు.

బలి గురించి మీలో కొందరికి ఇబ్బంది ఉండొచ్చు, ఉండటం సహజమే. కానీ లేని దాన్ని జోడించి భయపెట్టేలా చెప్పడం మాత్రం భక్తి కాదు, విమర్శ కూడా కాదు. వ్యూస్ కోసం చేసే పని.

కుమారి ఘర్‌లో జీవితం

ఎంపికయ్యాక శుద్ధి క్రతువులు చేస్తారు. తర్వాత పాప తెల్లటి గుడ్డ మీద నడుచుకుంటూ తలేజు గుడి నుంచి కుమారి ఘర్‌కి వస్తుంది. ఆ తర్వాత బయట ఆమె కాలు నేల మీద పడకూడదు. ఎత్తుకుంటారు, లేదా పల్లకీలో, రథంలో తీసుకెళ్తారు. అమ్మానాన్నల ఇల్లు వదిలి, వంశపారంపర్యంగా కుమారిలని చూసుకునే కుటుంబంతో ఉంటుంది. ఆ ఇంటి పిల్లలే ఆటకి తోడు. ఎరుపు బట్టలే కట్టుకోవాలి, జుట్టు నడినెత్తిన ముడి వేస్తారు. బయటికి వచ్చేది ఏడాదిలో కొన్ని పండుగలకే.

వాటిలో పెద్దది ఇంద్రజాత్ర. భాద్రపద మాసం చివర్లో, మన వినాయక చవితి సందడి తగ్గే రోజుల్లో వస్తుంది. మూడు రథాలు ఉంటాయి. ఒకదాంట్లో కుమారి, మిగతా రెండిట్లో గణేశుడు, భైరవుడు. ఆ ఇద్దరూ కూడా చిన్న మగపిల్లలే. పాత నగరం వీధుల్లో జనం తాళ్ళు పట్టి రథాలు లాగుతారు.

దర్శనానికి వచ్చినవాళ్ళు కుమారి ముఖంలో శకునాలు చూస్తారు. ఆమె కదలకుండా, మౌనంగా కూర్చుంటే కోరిక నెరవేరుతుందని. గట్టిగా నవ్వినా ఏడ్చినా జబ్బో మరణమో వస్తుందని. వణికితే జైలు, నైవేద్యాన్ని కెలికితే డబ్బు నష్టం. 2001 జూన్‌లో నేపాల్ రాజకుటుంబంలో చాలామంది తుపాకీ కాల్పుల్లో చనిపోయారు కదా, దానికి ముందు పాటన్‌లో ఉన్న చిన్న కుమారి నాలుగు రోజుల పాటు ఏడుపు ఆపలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక్కసారి ఆ పాప వైపు నుంచి ఆలోచించండి. నాలుగేళ్ళ పిల్లకి నవ్వొచ్చినా నవ్వకూడదు. తన ఏడుపు దేశానికి అపశకునం. మనం ఇంట్లో నాలుగేళ్ళ పిల్లని ఫోటో కోసం పది సెకన్లు కదలకుండా కూర్చోబెట్టలేం.

శాస్త్రం ఏమంటోంది?

ఇది ఎక్కడో హిమాలయాల్లో పుట్టిన వింత ఆచారం అనుకోకండి. కుమారీ పూజ శాక్తంలో బాగా నడిచిన దారి. దేవీ భాగవతం మూడో స్కంధంలో నవరాత్రి వ్రత విధానం చెప్పేటప్పుడు కుమారీ పూజ వివరంగా ఉంది. ఏడాది పిల్లని పూజకి తీసుకోకూడదు, రెండేళ్ళ నుంచి పదేళ్ళ దాకా తీసుకోవాలి. ఒక్కో వయసుకి ఒక్కో పేరు:

2 ఏళ్ళు: కుమారిక
3 ఏళ్ళు: త్రిమూర్తి
4 ఏళ్ళు: కల్యాణి
5 ఏళ్ళు: రోహిణి
6 ఏళ్ళు: కాళిక
7 ఏళ్ళు: చండిక
8 ఏళ్ళు: శాంభవి
9 ఏళ్ళు: దుర్గ
10 ఏళ్ళు: సుభద్ర

మీ ఇంట్లో ఏడేళ్ళ మేనకోడలు ఉంటే, ఈ లెక్కన ఆమె చండిక. ఆ వయసు పిల్లల అల్లరి చూస్తే పేరు సరిగ్గానే పెట్టారనిపిస్తుంది.

మనకి ఇంకా దగ్గరగా చెప్పాలంటే, బాలా త్రిపురసుందరి. లలితోపాఖ్యానంలో భండాసురుడి ముప్పై మంది కొడుకులని సంహరించింది తొమ్మిదేళ్ళ వయసు రూపంలో ఉన్న బాల. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రుల మొదటి రోజుల్లోనే దుర్గమ్మకి బాలా త్రిపురసుందరి అలంకారం చేస్తారు. ఆ రోజు తెలుగు ఇళ్ళలో చిన్నపిల్లల్ని పిలిచి పసుపు కుంకుమ, గాజులు, కొత్త బట్టలు ఇచ్చి పూజ చేయడం మనందరం చూసిందే.

స్వామి వివేకానంద 1898లో కశ్మీర్‌లో ఉన్నప్పుడు ఒక ముస్లిం పడవవాడి నాలుగేళ్ళ కూతుర్ని ఉమాదేవిగా పూజించారు. 1901లో బేలూరు మఠంలో దుర్గాపూజ మొదలుపెట్టినప్పుడు కుమారీ పూజ కూడా చేశారు. అక్కడ ఇప్పటికీ జరుగుతోంది. దేవీ భాగవతంలోనే అవయవ లోపం ఉన్న పిల్లలనీ, జబ్బు ఉన్న పిల్లలనీ పూజకి వద్దనే మాటలూ ఉన్నాయి. అవి లేవని దాచడం నాకిష్టం లేదు. కానీ దేవీ మాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో దేవతలు అమ్మని స్తుతిస్తూ, లోకంలో ఉన్న స్త్రీలందరూ నీ రూపాలే అంటారు. అందులో మినహాయింపు ఏమీ లేదు. వివేకానంద పడవవాడి కూతురు ముందు కూర్చున్నది ఆ మాట పట్టుకునే అని నేను అనుకుంటాను.

ఉద్వాసన తర్వాత

ఇప్పుడు అసలు ప్రశ్న.

వినాయక చవితికి మట్టి బొమ్మ తెచ్చి ఏం చేస్తాం? ప్రాణప్రతిష్ఠ, పూజ, నైవేద్యం, చివర ఉద్వాసన. ఉద్వాసన చెప్పాక అది మళ్ళీ మట్టే. తీసుకెళ్ళి నీళ్ళలో కలుపుతాం. ఇందులో ఎవరికీ బాధ లేదు. మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్ళింది.

కుమారి విషయంలో కూడా శాస్త్రపరంగా జరిగేది ఇదే. తలేజు ఆ దేహంలోకి వచ్చింది, కొన్నాళ్ళు ఉంది. పాపకి మొదటి రజస్సు వచ్చినా, పెద్ద గాయమై రక్తం పోయినా అమ్మవారు వెళ్ళిపోయిందని లెక్క. తర్వాత కొత్త పాపని వెతుకుతారు. 2025 సెప్టెంబర్ 30న, దశైన్ రోజుల్లో, 2 ఏళ్ళ 8 నెలల పాపని కాఠ్మండు కుమారిగా కూర్చోబెట్టారు. అప్పటిదాకా కుమారిగా ఉన్న అమ్మాయి 2017లో మూడేళ్ళ వయసులో వచ్చింది, పదకొండేళ్ళ వయసులో ఇంటికి వెళ్ళింది.

మట్టి బొమ్మకి ఉద్వాసన చెప్తే మట్టి మిగులుతుంది. ఇక్కడ ఉద్వాసన చెప్తే ఒక మనిషి మిగులుతుంది. ఆమెకి ఇంకా అరవై, డెబ్బై ఏళ్ళ జీవితం ఉంది. నిమజ్జనం లేదు.

ముగ్గురి జీవితాలు చూద్దాం. ముగ్గురి గురించీ పత్రికల్లో, పుస్తకాల్లో బాగా వచ్చింది.

మొదటిది ధన కుమారి వజ్రాచార్య. 1954లో రెండేళ్ళ వయసులో పాటన్ కుమారి అయ్యారు. ఆవిడకి రజస్సు రాలేదు. నియమం ప్రకారం దిగాల్సిన రోజే రాలేదు. దాదాపు ముప్పై ఏళ్ళు సింహాసనం మీదే ఉన్నారు. 1984లో ఆమె వయసు గురించి చిన్న యువరాజు అడిగిన ఒక్క ప్రశ్నతో పక్కన పెట్టేశారని చెప్తారు. పదవి పోయినా ఆవిడ మాత్రం కుమారి నియమాలు వదల్లేదు, ఇల్లు దాటి బయటికి రాలేదు. 2015 ఏప్రిల్ 25 భూకంపం ఇంటిని కుదిపేసినప్పుడు, అరవై దాటిన వయసులో, జీవితంలో మొదటిసారి తన కాళ్ళతో నడిచి వీధిలోకి వచ్చారు.

రెండోది రశ్మిలా శాక్య. పైన చెప్పుకున్నాం కదా. ఆవిడ కాలంలో కుమారికి చదువు అంతంత మాత్రమే. దేవతకి అన్నీ తెలుసు కదా, ఎవరు పాఠం చెప్తారు అనేది అప్పటి ఆలోచన. పన్నెండేళ్ళకి ఇంటికి వచ్చేసరికి తోటి పిల్లల కంటే చదువులో చాలా వెనకబడి ఉన్నారు. అక్కడి నుంచి మొదలుపెట్టి, ఐటీలో డిగ్రీ చేసి, సాఫ్ట్‌వేర్ డెవలపర్ అయ్యారు. మన ఫీల్డే! నాలుగేళ్ళు కాలేజీలో కూర్చుని బ్యాక్‌లాగ్స్ గురించి బాధపడిన మనం, ఎనిమిదేళ్ళ చదువు బ్యాక్‌లాగ్ క్లియర్ చేసిన ఆవిడకి ఒక నమస్కారం పెట్టాలి. ఈసారి దేవతకి కాదు, మనిషికి.

మూడోది చనీరా వజ్రాచార్య. 2001లో పాటన్ కుమారి అయ్యారు. పాటన్‌లో కుమారి తన కుటుంబంతోనే ఉంటుంది, అది పెద్ద తేడా. టీచర్లు ఇంటికి వచ్చి చెప్పారు. 2010లో, పదిహేనేళ్ళ వయసులో, ఇంకా కుమారిగా ఉండగానే నేపాల్ పదో తరగతి బోర్డు పరీక్ష పాసయ్యారు. తర్వాత బిజినెస్ మేనేజ్‌మెంట్ చదివారు. ఇప్పుడు కుమారి సంప్రదాయం గురించి ధైర్యంగా, ప్రేమగా మాట్లాడే వాళ్ళలో ఆవిడ ఒకరు.

ఈ మూడు కథల్లో అమ్మవారు ఒకరే. నియమాలూ దాదాపు అవే. మారింది ఏమిటి? పాప దేవతగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు "ఈమె రేపు మనిషిగా బతకాలి" అని గుర్తుపెట్టుకున్నారా లేదా అన్నది. అంతే తేడా.

కోర్టుకి వెళ్ళిన అమ్మవారు

2005లో పున్ దేవి మహర్జన్ అనే న్యాయవాది నేపాల్ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆవిడ కూడా నేవారే. 2008 ఆగస్టులో తీర్పు వచ్చింది. కోర్టు సంప్రదాయాన్ని రద్దు చేయలేదు. కుమారికి చదువు, ఆరోగ్యం, స్వేచ్ఛగా తిరగడం లాంటి బాలల హక్కులన్నీ ఉన్నాయని, వాటిని కాదనమని ఏ మత గ్రంథమూ చెప్పలేదని చెప్పింది.

ఇది చాలా తెలివైన తీర్పు అని నా అభిప్రాయం. పూజ ఒకటి, పూజ చుట్టూ అలవాటుగా పేరుకున్న నియమాలు ఇంకొకటి. "కుమారికి బడి వద్దు" అనేది శాస్త్రం కాదు. ఎవరో ఎప్పుడో అనుకున్నారు, అలా నడిచిపోయింది. ఇప్పుడు కుమారి ఘర్‌లోకే టీచర్లు వస్తారు, పరీక్షలు కూడా రాయిస్తారు. అమ్మవారు ఏమీ కోప్పడలేదు. 2015 భూకంపంలో దర్బార్ స్క్వేర్‌లో చుట్టుపక్కల గుళ్ళు కూలిపోయినా కుమారి ఘర్ దాదాపు చెక్కుచెదరకుండా నిలబడింది, లోపల లెక్కలు నేర్చుకుంటున్న దేవతతో సహా.

ఇంకో మూఢనమ్మకం కూడా ఉంది. మాజీ కుమారిని పెళ్ళి చేసుకున్న మగవాడు రక్తం కక్కుకుని చనిపోతాడని. నిజంగా చూస్తే మాజీ కుమారిల్లో ఎక్కువ మంది పెళ్ళి చేసుకుని, పిల్లలతో మామూలుగానే ఉన్నారు. ఇలాంటి మాట కథగా చెప్పడం సులువు. వినాల్సింది పన్నెండేళ్ళ పిల్ల.

రక్తం చూస్తే అమ్మవారు వెళ్ళిపోతుందా?

ఇక్కడ మన సంప్రదాయంలోపలే ఒక పెద్ద చర్చ ఉంది.

కాఠ్మండులో రజస్సు రాగానే అమ్మవారు వెళ్ళిపోయింది అంటారు. అస్సాంలో గువాహటి పక్కన నీలాచలం మీద కామాఖ్య అమ్మవారికి ఏటా ఆషాఢంలో అంబుబాచి జరుగుతుంది. అమ్మవారు రజస్వల అయిందని మూడు రోజులు గుడి మూసేస్తారు. తర్వాత తలుపులు తీస్తే లక్షల మంది వస్తారు. ఎర్ర గుడ్డ ముక్కని మహాప్రసాదంగా కళ్ళకద్దుకుంటారు. అదే శాక్తం, అదే అమ్మ. ఒకచోట రక్తం అమ్మ వెళ్ళిపోయిన గుర్తు, ఇంకోచోట అమ్మ ఉన్న గుర్తు. కాబట్టి "మన ధర్మంలో ఇంతే" అని ఒక్క మాటలో తేల్చేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు రెండో గుడికి వెళ్ళలేదన్నమాట.

మన తెలుగులో చూడండి. ఆడపిల్లకి మొదటిసారి రజస్సు వస్తే ఏమంటాం? "పెద్దమనిషి అయింది" అంటాం. ఎంత గౌరవమైన మాట! ఊళ్ళో తగువులు తీర్చేవాళ్ళనీ పెద్దమనుషులనే అంటాం. అదే మాట పన్నెండేళ్ళ పిల్లకి ఇచ్చాం. మాట ఇచ్చి ఏం చేశాం? మూల కూర్చోబెట్టాం, ఇది ముట్టుకోకు అది ముట్టుకోకు అన్నాం. తొమ్మిదో ఏట దుర్గ అని కాళ్ళకి పసుపు రాసినవాళ్ళమే, పన్నెండో ఏట "గట్టిగా నవ్వకు, గడప దాటకు" అంటాం. ఆలోచిస్తే మన ఇళ్ళలో కూడా ప్రతి ఆడపిల్లా కొంతకాలం కుమారిగా ఉండి, ఒక రోజు సింహాసనం దిగుతోంది. నేపాల్‌లో కనీసం దిగిన కుమారికి ప్రభుత్వం పెన్షన్ ఇస్తుంది.

నియమాలు ఎవరి ఇంట్లో ఎలా పాటించాలి అనేది నేను చెప్పడం లేదు. అది మీ కుటుంబం, మీ గురువులు చూసుకునే విషయం. నేను చెప్పేది ఒక్కటే. పూజలో చూపించిన గౌరవం పూజ అయ్యాక తగ్గితే, ఆ పూజ అమ్మవారికి చేరలేదు. పీటకి చేరింది.

ఈ నవరాత్రుల్లో బాల పూజ చేస్తుంటే

1. పిల్లని అడిగి పిలవండి. ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. ఏడుస్తున్న పిల్లకి చేసే హారతి ఎవరికి?

2. తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి, పాదాలు కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టండి. వయసుని బట్టి పైన ఉన్న పేరుతో నమస్కరించండి. మంత్రాలు రాకపోతే "శ్రీ బాలా త్రిపురసుందర్యై నమః" చాలు.

3. పాయసం, పండ్లు, పిల్లకి నచ్చింది పెట్టండి. బట్టలు, గాజులతో పాటు పుస్తకం, రంగు పెన్సిళ్ళు కూడా ఇవ్వండి. బాల చేతిలో పుస్తకమూ జపమాలా ఉంటాయని ధ్యానంలో చెప్పుకుంటాం కదా, అందులో పుస్తకాన్ని మనం మర్చిపోతున్నాం.

4. మన అపార్ట్‌మెంట్లో పనిచేసే వాచ్‌మన్ గారి పాపని, ఇంట్లో పనికి వచ్చే అమ్మ కూతుర్ని కూడా పిలవండి. చివర్లో చీర చెంగులో ఏదో పెట్టి పంపడం కాదు, అదే పీట మీద కూర్చోబెట్టి చేయండి. వివేకానంద చేసింది అదే.

5. ఫోటో తీస్తే పిల్లల అమ్మానాన్నలని అడిగి తీయండి. స్టేటస్‌లో పెట్టేముందు ఇంకోసారి ఆలోచించండి.

6. ఆ పిల్లకి ఆ ఏడాదిలో చదువుకో, ఆరోగ్యానికో ఒక్క అవసరం తీర్చండి. అది ఉత్తరపూజ అనుకోండి.

కాఠ్మండు వెళ్తే

పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకి తెలుగువాళ్ళు చాలామంది వెళ్తుంటారు. కాఠ్మండులో ఉంటే కుమారి ఘర్‌కి కూడా వెళ్ళండి. లోపలి ముంగిట్లోకి వెళ్ళొచ్చు. చుట్టూ చెక్కతో చెక్కిన కిటికీలు, ఎంత సేపైనా చూడొచ్చు. కుమారి కిటికీ దగ్గరకి వచ్చినప్పుడు మాత్రం ఫోన్ లోపల పెట్టేయండి, ఫోటోలు నిషేధం. మౌనంగా నిలబడి చేతులు జోడించండి. పైకి చూసి అరవకండి, పిలవకండి. ఆమె రాకపోతే ఎదురుచూడండి, లేదా వెళ్ళిపోండి. లోపల హోంవర్క్ చేసుకుంటూ ఉండొచ్చు.

దర్శనం దొరికితే ఆమెని ఏదైనా కోరుకోండి, తప్పులేదు. దాంతో పాటు ఆమె కోసం కూడా ఒకటి కోరుకోండి. సింహాసనం దిగిన రోజు ఆ పాప కాళ్ళు నేల మీద నిలదొక్కుకోవాలని, చేతిలో ఒక పుస్తకం ఉండాలని, ఆమెని మామూలు మనిషిగా చూసే నలుగురు పక్కన ఉండాలని.

ఈ వారం సాధన

మీ ఇంట్లో లేదా బంధువుల్లో పదేళ్ళు దాటిన ఒక ఆడపిల్లకి, అంటే దేవీ భాగవతం జాబితాలో ఇక పేరు లేని అమ్మాయికి, ఫోన్ చేయండి. ఏం చదువుతోంది, ఏం కావాలనుకుంటోంది, దేనికైనా భయపడుతోందా అని అడగండి. మధ్యలో సలహా ఇవ్వకుండా పది నిమిషాలు వినండి. ఆ పది నిమిషాలు జపంలో లెక్కేసుకోవచ్చు.

వచ్చే వారం కామాఖ్య గురించి విడిగా చెప్పుకుందాం.

సర్వం శ్రీ లలితాంబార్పణమస్తు.